గేటు మీది కాగితం

ఏప్రిల్ 8, 2020

ఈ డైరీ నాది కాదు. మా బ్యాండు మేస్త్రీ భద్రయ్య పెళ్ళిళ్ళ బుకింగులు రాసుకునే డైరీ. మొన్న నేను కూరగాయలకు పోతూ కనిపిస్తే "హరికిషన్, దీన్ని పొయ్యిల పెట్టు, నాకు సూస్తే కడుపు మండుతున్నది" అని నా చేతిలో పెట్టి పోయాడు. ఇవాళ్టి పేజీలో "యాప్రాల్, మగపెళ్ళివారు, ఎనిమిది మంది, గుర్రం వాళ్ళదే" అని ఉంది. దాని మీద అడ్డంగా ఒక గీత. జూన్ దాకా అన్నీ గీతలే. లాక్‌డౌన్‌లో పెళ్ళీ లేదు, బారాత్ ఊరేగింపూ లేదు. ట్రంపెట్ ఒక మూల పడి ఉంది, నేను ఇంకో మూల.

పొయ్యిలో పెట్టే బదులు రాద్దామనుకున్నాను. ఏడో తరగతి చదువు ఇన్నాళ్ళకి పనికొచ్చింది.

"ఏం రాస్తున్నవ్?" అని అడిగింది కల్పలత.

"నీ తప్పులు."

"నావైతే గా ఒక్క బుక్కు సాలు. నీవి రాయాల్నంటే దుకాణం తెచ్చుకో."

పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు. ఒక్కసారీ మాటకు ఆలస్యం చేయలేదు ఆ మనిషి.

ఏప్రిల్ 11

ఇన్ని రోజుల తర్వాత కడుపారా నవ్వాను.

గోడ అవతల దేవానందం సారు. ఇక్కడే సికింద్రాబాదు కార్ఖానా పేటలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్తాడు, ఆదివారం చర్చిలో పాటల బృందాన్ని నడిపిస్తాడు. పదకొండేళ్ళుగా మాకు గోడ ఒకటే. ఒకసారి నేను పాస్టరు గొంతుతో ఫోన్ చేసి తెల్లారి ఐదింటికి పాటల ప్రాక్టీసు అని చెప్తే, సారుతో సహా ఎనిమిది మంది చలిలో చర్చి గేటు ముందు నిలబడ్డారు. ఎన్ని చేసినా కోపం రాదు సారుకి. అదే నాకు కోపం. నా గేటు మీద "కుక్క ఉన్నధి జాగ్రత" అని బోర్డు ఉంది. కుక్క లేదు, బోర్డే. సారు దాన్ని చూసినప్పుడల్లా "ఆ బోర్డు సరిగా లేదు హరికిషన్" అంటాడు. "కుక్క లేకుంటేంది సార్, పక్కింట్ల మీరున్నరు గద" అన్నాను ఒకసారి. దానికీ నవ్వి ఊరుకున్నాడు.

వారం నుంచి సారు దగ్గుతున్నాడు. ఇవాళ పొద్దున్నే పాత క్యాలెండరు కాగితం వెనక నీలం స్కెచ్ పెన్నుతో రాసి ఆయన గేటుకి అంటించాను.

ఈ ఇంట్ల కరోన ఉన్నధి. లోపలికి రావద్ధు.

పాలవాడు వచ్చాడు. చదివాడు. సైకిలు తిప్పకుండానే వెనక్కి నడిచాడు, గల్లీ చివరి దాకా. కిటికీ సందులోంచి చూస్తూ నోట్లో తువ్వాలు కుక్కుకున్నాను.

ఏప్రిల్ 12

పాలవాడు సారు గేటు దగ్గర ఆగలేదు. కూరగాయల బండీ ఆగలేదు. కాగితం నిన్న పొద్దున్నే సారు వాళ్ళు తీసేశారు. ఇంకా ఆగకపోతే నేనేం చేయను?

కల్పలత గోడ మీంచి సారు భార్య మార్తమ్మకి పాల ప్యాకెట్ అందించింది. తర్వాత నా వైపు చూసింది. నేను ట్రంపెట్ తుడుస్తున్నాను.

ఏప్రిల్ 13

సారు దగ్గు వినపడలేదు. తగ్గినట్టుంది.

ఏప్రిల్ 19

ఆదివారం. చర్చి మూత కాబట్టి సారు వాకిట్లో కుర్చీ వేసుకుని పాడాడు. రెండో చరణంలో ఆగిపోయాడు. వెంటనే లోపల నల్లా తిప్పిన చప్పుడు. బకెట్లోకి నీళ్ళు దడదడా పడ్డాయి. కాసేపటికి నల్లా ఆగింది, పాట మళ్ళీ మొదలు. మళ్ళీ ఆగింది. మళ్ళీ నల్లా.

ఇద్దరే మనుషులు, ఎన్ని బకెట్లు నింపుతారు?

ఏప్రిల్ 20

అర్థమైంది. దగ్గు వచ్చినప్పుడల్లా నల్లా తిప్పుతున్నాడు. గల్లీకి వినపడకుండా.

కాగితం సంగతి ఇక రాయను.

మే 6

గీత కొట్టిన పెళ్ళిళ్ళు ఈ నెలలో పద్నాలుగు. ఇవాళ నల్లా పదిహేడు సార్లు. నాకు వేరే పని లేదు కాబట్టి లెక్కపెట్టాను, ఇంకేం కాదు.

జూన్ 21

మార్తమ్మ కుట్టుమిషను దగ్గర కూర్చుని సారు చొక్కాలు పక్కలు లోపలికి పట్టి కుడుతోంది. కల్పలత గోడ దగ్గర నిలబడి అడిగింది, "ఏందక్కా, సారు గింత సన్నబడ్డడు?"

"అన్నం సయించట్లేదమ్మా. సాయంత్రమైతే ఒళ్ళు వెచ్చబడుతుంది. పొద్దున లేచి చూస్తే దిండు తడిసి ఉంటుంది. బడి లేదు, జీతం లేదు, ఆ బెంగే అంటారు ఆయన."

నేను గడ్డం గీసుకుంటున్నాను. సాయంత్రం వెచ్చదనం, దిండు తడి, వదులైన చొక్కా. ఈ మూడూ నాకు తెలుసు. ఎలా తెలుసో రాయను.

జూలై 14

సారుకి కరోనా పరీక్ష చేశారు. నెగెటివ్.

ఆ రిపోర్టు జిరాక్సు తీసి తన గేటుకి తనే అంటించాడు, నా కాగితం ఉన్న చోటే. అంటే, ఆ కాగితం ఉన్న చోటే. పాలవాడు ఆగాడు. మూడు నెలల తర్వాత సారు చేతిలో పాల ప్యాకెట్ పెట్టి "నెగెటివ్ అంటే ఇగ పరేషాన్ లేదు సార్" అన్నాడు. మార్తమ్మ రవ్వ కేకు చేసి గోడ మీద పెట్టింది. గల్లీ మొత్తం ఊపిరి పీల్చుకుంది. ఇప్పుడు లోకంలో ఉన్నది ఒకటే రోగం. అది లేనివాడు పహిల్వాన్.

జూలై 16

చేతిలో సర్టిఫికెట్ ఉంది కాబట్టి సారు నల్లా తిప్పడం మానేశాడు. ధైర్యంగా, వాకిట్లోనే దగ్గుతున్నాడు. నేను మొదటిసారి పూర్తిగా విన్నాను.

ముప్ఫై ఏళ్ళుగా ఇత్తడి గొట్టంలోకి ఊపిరి ఊదేవాణ్ణి. గొంతులోంచి వచ్చే దగ్గు వేరు, అడుగునుంచి గీరుకుంటూ వచ్చే దగ్గు వేరు. అది సారు దగ్గు కాదు. నా దగ్గు. ఇరవై ఒక్కేళ్ళ కిందటిది.

జూలై 27

సారుకి రెండోసారి పరీక్ష. రెండోసారీ నెగెటివ్. రెండో జిరాక్సు మొదటిదాని పక్కన అంటించాడు. చొక్కా మళ్ళీ వదులైంది.

జూలై 29

టీబీ సెంటరుకి పోయాను. కల్పలతకి ట్రంపెట్‌కి నూనె కావాలని చెప్పాను.

తలుపుకి తాళం. తాళం పక్కన కాగితం: సిబ్బంది కరోనా డ్యూటీలో ఉన్నారు. ఇన్నేళ్ళుగా నేను కాగితాలు అంటించాను గానీ ఇంత పెద్ద దెబ్బ కొట్టిన కాగితం చూడలేదు. వాచ్‌మన్ బీడీ కాలుస్తూ చెప్పాడు.

"యోగిత మేడం ఉంటది టీబీ సూసేది. నాలుగు నెలల సంది గామెను కరోనా టీంల ఏసిన్రు. కళ్ళె పరీక్ష మిషిను సుత కరోనాకే నడుస్తున్నది."

"మరి టీబీ ఉన్నోడు ఏం జెయ్యాలె?"

"ఇంట్ల కరోనా ఉన్నదని ఫోన్ చేస్తే టీం వస్తది. టీబీ అంటే ఎవ్వలొస్తరు?" అని బీడీ పారేశాడు. "జెర ఆగు, తగ్గినంక రా."

తగ్గినంక అంటే ఏది తగ్గినంక?

జూలై 31

సారుకి చెప్పేశాను. గోడకి ఇటు నేను, అటు ఆయన.

"సార్, మీరు కళ్ళె పరీక్ష చేయించుకోవాలె. గిది టీబీ లెక్క ఉన్నది."

"రెండుసార్లు నెగెటివ్ వచ్చింది హరికిషన్."

"గది కరోనా నెగెటివ్. టీబీని ఎవ్వలడిగిన్రు?"

సారు నవ్వాడు. "పాస్టరు గారి గొంతుతో చెప్పు, నమ్ముతాను."

నా గొంతుతోనే చెప్పాను. రాయకూడదనుకున్నదంతా చెప్పాను. తొంభై తొమ్మిదిలో నాకు టీబీ. ఆరు నెలలు మందు మింగాను. ట్రంపెట్ ఊదేవాడికి ఊపిరితిత్తుల రోగం అని తెలిస్తే ఏ బ్యాండూ రానివ్వదు. అందుకే షోలాపూర్‌లో సర్కస్ బ్యాండుకి పోయానని చెప్పి, మౌలాలిలో మా మేనత్త ఇంట్లో వెనక గదిలో పడుకున్నాను. సర్కసు లేదు, ఏనుగు లేదు, అందరికీ చెప్పుకున్నట్టు ఆ ఏనుగు నా ట్రంపెట్ లాక్కున్నదీ లేదు.

సారు గోడకి ఇంకా దగ్గరగా వచ్చాడు. నమ్మాడనుకున్నాను.

"ఇవాళ సర్కస్ అబద్ధం, టీబీ నిజం అంటున్నావు. రేపు టీబీ అబద్ధం, సర్కస్ నిజం అంటావు. నా జబ్బుతో కూడా ఆటలేనా, హరికిషన్?"

లోపలికి పోయాడు. పదకొండేళ్ళలో మొదటిసారి కోపం వచ్చింది ఆయనకి. నేను నిజం చెప్పిన రోజు.

వెనక్కి తిరిగితే కల్పలత. చేతిలో బియ్యం చాట.

ఆగస్టు 1

పొద్దున కల్పలత టీ గ్లాసు పెడుతూ ఒక్కటే అడిగింది.

"గా ఏనుగు సుత అబద్ధమేనా?"

"అవ్."

"మా అక్క పిల్లలకు పందొమ్మిదేండ్లు చెప్పిన గా ఏనుగు కథ." కూర్చుంది. గ్లాసు నా వైపు జరిపి, "ఆర్నెల్లు గా గదిల ఒక్కనివే ఉన్నవా?" అంది.

టీ చల్లారిపోయింది. ఎవరూ తాగలేదు.

ఆగస్టు 2

వాచ్‌మన్ మాట చెవిలో తిరుగుతోంది. ఇంట్లో కరోనా ఉంటేనే టీం వస్తుంది. సరే. ఎవరింట్లో అని రూలేమీ లేదు కదా.

ఆగస్టు 3

పొద్దున పదింటికి కరోనా నంబరుకి ఫోన్ చేశాను. పేరు హరికిషన్, వయసు నలభై తొమ్మిది, నాలుగు రోజులుగా జ్వరం, వాసన లేదు. మధ్యమధ్యలో దగ్గాను. నా జీవితంలో అంత అందంగా ఎన్నడూ దగ్గలేదు. అవతల అమ్మాయి "అంకుల్, ఫోన్ జెర దూరం పెట్టుకోండి" అంది.

రెండింటికి వచ్చారు. నీలం సూట్లలో ముగ్గురు. గల్లీలో కిటికీలన్నీ ఒక్క దెబ్బకి మూసుకున్నాయి. నా గేటు మీద కుక్క బోర్డు పక్కనే ఎర్ర స్టిక్కరు అంటించారు. ముక్కులో పుల్ల పెట్టారు. నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి, కల్పలతకి నవ్వొచ్చింది. అప్పుడు సంచీ పట్టుకున్న ఆమెని అడిగాను.

"నీ పేరు యోగితనా, బిడ్డా?"

"అవ్. నీకెట్ల తెల్సు?"

"నాకు జరం లేదు. దగ్గు లేదు. వాసన మస్తుగ వస్తున్నది, పక్కింట్ల చేపల పులుసు. గా పులుసు తినలేక సన్నబడుతున్న మనిషి ఉన్నడు. నాలుగు నెలల దగ్గు. టీబీ. నువ్వు టీబీ దానివి. గిట్ల పిలిస్తెనే వస్తవని పిలిచిన."

యోగిత అద్దాల వెనక కళ్ళు చూసి కొడుతుందనుకున్నాను.

"సిగ్గున్నదా అంకుల్ నీకు? ఇయ్యాల ఇంకా పంతొమ్మిది ఇండ్లు తిరగాలె. గీ సూటు ఇప్పితె మళ్ళ ఏసుకునేది లేదని పొద్దటి సంది నీళ్ళు సుత తాగలే." ఊపిరి పీల్చుకుంది. సంచీ కింద పెట్టింది. "నెలకు నలభై పేర్లు రాసేదాన్ని నా రిజిస్టర్ల. పోయిన నెల తొమ్మిది. రోగం తగ్గలే. రాసేదాన్ని నేను ఈడ ఉన్న. నా పేషెంట్లు యాడ పోయిన్రో, మందులు మింగుతున్నరో లేదో నాకే తెల్వదు."

మిగతా ఇద్దరినీ ముందు పొమ్మంది. "ఏ ఇల్లు?" అని అడిగింది.

గోడ అవతల దేవానందం సారు నిలబడి ఉన్నాడు. యోగితని చూడలేదు. నా గేటు మీది ఎర్ర స్టిక్కరు చూస్తున్నాడు.

"నీ గేటుకి నువ్వే అంటించుకున్నావా?" అన్నాడు.

"అవ్ సార్. గీసారి నాకే."

'గీసారి' అన్నానని తర్వాత గుర్తొచ్చింది.

సారు యోగిత వైపు తిరిగి, "డబ్బీ ఇవ్వమ్మా, ఎక్కడ ఉమ్మాలో చెప్పు" అన్నాడు.

ఆగస్టు 4

నాకు నిన్న కిట్టులో నెగెటివ్. కానీ లక్షణాలున్నాయని నేనే చెప్పాను కాబట్టి ఇంకో పరీక్ష రిజల్టు వచ్చేదాకా గడప దాటొద్దన్నారు. పాలవాడు నా గేటు దగ్గర ఆగలేదు. మార్తమ్మ గోడ మీంచి పాల ప్యాకెట్ అందించింది. "తీసుకో తమ్ముడూ" అంది, అంతే.

ఆ పాలతో కల్పలత టీ పెడితే నాకొద్దన్నాను.

యోగిత పొద్దున్నే వచ్చి రెండో డబ్బీ తీసుకుపోయింది. మిషను కరోనాదైతే ఏం, పాత మైక్రోస్కోపు ఉందట, ల్యాబులో ఒకాయన అన్నం తినే టైములో చూసి పెడతానన్నాడట.

ఆగస్టు 6

పాజిటివ్. టీబీ.

మార్తమ్మ ఏడ్చింది. సారు తెల్లబోయాడు. నాకు మాత్రం గాల్లోకి ఎగరాలనిపించింది. రోగానికి పేరు దొరికింది. పేరున్న రోగానికి మందుంది. నేను మింగి చూసిన మందే.

ఆగస్టు 7

మందు మొదలు. మార్తమ్మకీ మా ఇద్దరికీ పరీక్షలు చేశారు, ఏమీ లేదు. నా స్టిక్కరు కూడా పీకేశారు. యోగిత నన్ను గోడ దగ్గరికి పిలిచింది. "నేను రోజూ రాలేను అంకుల్. ఈ సారు మందు మింగుతున్నడా లేదా అని ఎదురుంగ నిలబడి సూసే మనిషి కావాలె. ఆరు నెలలు, ఒక్క రోజు తప్పొద్దు. నువ్వు సూస్తవా?"

"గాయనకు నా మీద నమ్మకం లేదు బిడ్డా."

"ఉన్నదమ్మా, రాసుకో" అన్నాడు సారు.

ఆగస్టు 8

పొద్దున సరిగ్గా ఏడింటికి వాకిట్లో నిలబడి ట్రంపెట్ ఊదాను. ఐదు నెలల తర్వాత. పెళ్ళికొడుకు గుర్రం ఎక్కేటప్పుడు ఊదే బాణీ. సారు లుంగీ సర్దుకుంటూ గోడ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"ఏమిటీ గోల?"

"మందు టైం సార్. నోరు తెరువుండ్రి."

నాలుగు గోళీలు, ఒక గ్లాసు నీళ్ళు. నాలుక ఎత్తించి మరీ చూశాను. యోగిత ఇచ్చిన కార్డులో టిక్కు పెట్టాను. గల్లీకి మాత్రం బ్యాండు పోటీ ఉంది, ప్రాక్టీసు చేస్తున్నానని చెప్పాను. సారు జబ్బు సారు చెప్పుకోవాలి, నేను కాదు. ఒక గేటు మీద ఒకసారి రాసింది చాలు.

ఆగస్టు 9

ఈ మందు మింగితే ఒంటేలు ఎర్రగా వస్తుంది. ఆ సంగతి యోగిత చెప్పడం మర్చిపోయింది. నేను గుర్తుపెట్టుకుని చెప్పలేదు. పొద్దున బాత్రూములోంచి సారు "మార్తా" అని వేసిన కేక మౌలాలి దర్గా గుట్ట మీద కూడా వినపడి ఉంటుంది.

మనిషన్నాక మొత్తం మారిపోకూడదు.

సెప్టెంబరు 2

సారు చేపల పులుసుతో రెండు సార్లు అన్నం పెట్టించుకున్నాడట. మార్తమ్మ చొక్కాలకి వేసిన కుట్లు విప్పుతోంది.

ట్రంపెట్ వినపడగానే పాలవాడు "ఏడైంది" అంటున్నాడు. గల్లీకి గడియారమయ్యాను.

సెప్టెంబరు 17

యోగితకి కరోనా. ఫోన్ ఆపేసి ఉంది. సారు దగ్గర మందు ఇంకా మూడు రోజులకే.

సెప్టెంబరు 18

మన సెంటరుకి తాళం. ఇంకో సెంటరుకి పోయాను. "మీ కార్డు ఈడిది కాదు" అన్నారు. మరో చోటికి పోయాను. "మందు ఉన్నది గని రాసిచ్చే డాక్టరు కరోనా వార్డుల ఉన్నడు, వచ్చే సోమవారం రా" అన్నారు. సోమవారానికి సారు ఒక రోజు తప్పుతాడు. ఒక రోజే కదా అని నాకూ ఒకసారి అనిపించింది. తొంభై తొమ్మిదిలో నేను అట్లాగే ఒక రోజు, ఇంకో రోజు అని నెల తప్పి, మళ్ళీ మొదటి నుంచి మింగాను, ఆర్నెల్లన్నది ఏడాది దాకా పోయింది. అది ఎవరికీ చెప్పలేదు, సారుకి కూడా.

సెప్టెంబరు 19

ఇవాళ ట్రంపెట్‌తో పోయాను, మందున్న ఆ సెంటరుకే. కిటికీ ఎదురుగా రోడ్డుకి అవతల నిలబడి అప్పగింతల బాణీ ఊదాను. ఆడపిల్లను పంపేటప్పుడు ఊదేది. ఆ బాణీకి ఏడవని తండ్రిని నేను చూడలేదు. జనం చేరారు. ఒక ముసలామె నిజంగానే ఏడ్చింది. కిటికీ తెరిచి మందులిచ్చే ఆయన అరిచాడు.

"ఏం లొల్లి పెట్టినవయ్యా? దవాఖాన ముందల బ్యాండేంది?"

"మా సారు మందును అత్తారింటికి పంపుతరేమోనని ఎదురుచూస్తున్న."

జనం నవ్వారు. ఆయనా నవ్వు ఆపుకోలేకపోయాడు. కార్డు చూపించాను. నలభై నాలుగు టిక్కులు, ఒక్కటీ తప్పలేదు. ఆయన కార్డుని తిప్పి తిప్పి చూశాడు. "ఈ కాలంల ఇంత పక్కా కార్డు నేను సూడలే" అని, లోపలికి పోయి డాక్టరుకి ఫోన్ చేశాడు. అరగంటలో మూడు వారాల మందు చేతిలో పెట్టాడు.

ఇంటికి బారాత్ బాణీ ఊదుకుంటూ నడిచి వచ్చాను. పెళ్ళికొడుకు లేకుండా ఇంత గొప్ప ఊరేగింపు సికింద్రాబాదులో జరిగి ఉండదు.

అక్టోబరు 7

యోగిత తిరిగొచ్చింది. రెండు నెలలు నిండాయి కాబట్టి మళ్ళీ కళ్ళె పరీక్ష. డబ్బీని ట్రంపెట్ పెట్టెలో పెట్టుకుని పోతుంటే మాస్కులు చెక్ చేసే కానిస్టేబులు ఆపాడు.

"పెట్టెల ఏమున్నది?"

"టీబీ కళ్ళె సార్. తెరిచి సూపిస్తా."

అంత వేగంగా దారి వదిలిన పోలీసుని నేను చూడలేదు.

అక్టోబరు 9

కళ్ళె శుభ్రం. ఇక మందు మారుతుంది, ఇంకో నాలుగు నెలలు.

నవంబరు 22

ఏడింటికి ఊదాను. సారు రాలేదు. మళ్ళీ ఊదాను. మార్తమ్మ తల బయట పెట్టింది.

"రారట తమ్ముడూ. పొద్దున్నే వాంతి వచ్చినట్టుంటోందట. నాకు నయమైంది, ఇక చాలు అంటున్నారు."

సారు మూడున్నర నెలలు మింగాడు. దగ్గు లేదు, బరువు వచ్చింది, ఆదివారం మూడు చరణాలూ పాడుతున్నాడు. ఇక్కడే అందరూ మోసపోతారు. ఇక్కడే నేనూ మోసపోయాను.

ఊదుతూనే ఉన్నాను. ఏడుంబావు. ఏడున్నర. పెదవి పగిలింది. కల్పలత వచ్చి "ఇగ సాలు" అంది. ఆగలేదు. ఏడూ నలభైకి కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాను. అప్పుడు వచ్చాడు.

"నీ ఊపిరి పోతుంది హరికిషన్. ఆపు."

"మీరు మింగుండ్రి, నేను ఆపుతా."

మింగాడు. నాలుక ఎత్తి చూపించాడు, నేను అడగకుండానే. గ్లాసు కింద పెట్టి, "నా కోసం ఇంత ఎందుకు చేస్తున్నావు?" అని అడిగాడు.

నోటి దాకా వచ్చింది. ఏప్రిల్ 11, స్కెచ్ పెన్ను, క్యాలెండరు కాగితం. ఇరవై ఒక్కేళ్ళు దాచిన రోగాన్ని చెప్పగలిగాను. నాలుగు ముక్కల కాగితం సంగతి చెప్పలేకపోయాను.

"టైంపాస్ కావాలె గద సార్" అన్నాను.

సారు నా గేటు మీది కుక్క బోర్డు వైపు చూసి, గ్లాసు తీసుకుని లోపలికి పోయాడు.

డిసెంబరు 11

మొదటి పెళ్ళి. ఈ పేజీలో గీత లేదు, నేనే రాశాను: "మౌలాలి, నలుగురం." బారాత్‌లో నా ఊపిరి ఎక్కడా తెగలేదు. భద్రయ్య "ఏం మందు తింటున్నవ్ రా?" అన్నాడు. నేను తినలేదు, తినిపించాను.

ఫిబ్రవరి 5, 2021

డైరీ అయిపోయింది. చివర్న 'ముఖ్యమైన ఫోన్ నంబర్లు' అనే పేజీల్లో రాస్తున్నాను.

ఇవాళ ఆఖరి గోళీలు. నూట ఎనభై మూడు టిక్కులు. ఒక్క ఖాళీ లేదు. సారు మింగాక ట్రంపెట్ అడిగి తీసుకున్నాడు. ఊదాడు. బర్రె అరిచినట్టు వచ్చింది. గల్లీ అంతా బయటికొచ్చి చూసింది.

ఫిబ్రవరి 9

నెగెటివ్.

యోగిత ఫోన్లో అరిచింది, "అంకుల్, మన సారు క్యూర్. రిజిస్టర్ల ఎర్ర పెన్నుతోని రాసిన." ఆమె తిరిగి టీబీ పనిలోకి వచ్చేసింది. పోయిన పేషెంట్లను ఇంటింటికీ పోయి వెతుకుతోందట. "పదకొండు మందిని పట్టిన ఇప్పటికి" అంది. నేను కూడా వస్తాను, ట్రంపెట్ తెస్తాను అన్నాను. వద్దనలేదు.

ఇది అసలైన నెగెటివ్. అడగాల్సింది అడిగి తెచ్చుకున్నది. సారు దాన్ని గేటుకి అంటించలేదు. గల్లీలో నలుగురిని పిలిచి, తనకి వచ్చింది టీబీ అనీ, పోయిందనీ తనే చెప్పాడు. పాలవాడు తలగోక్కుని, "మా తమ్మునికి సుత నెల సంది దగ్గున్నది సార్" అన్నాడు. సారు యోగిత నంబరు రాసిచ్చాడు.

ఫిబ్రవరి 10

పొద్దున గేటు తీద్దామని పోతే నా గేటు మీద కాగితం.

ముందు కింద చూశాను. గడప మీద ఇంకో కాగితం మడిచి పెట్టి ఉంది. విప్పాను. పాత క్యాలెండరు కాగితం. నీలం స్కెచ్ పెన్ను. "ఈ ఇంట్ల కరోన ఉన్నధి. లోపలికి రావద్ధు." నాలుగు మాటల చుట్టూ నాలుగు ఎర్ర సున్నాలు. పక్కన దిద్ది రాసి ఉంది: ఇంట్లో. కరోనా. ఉన్నది. రావద్దు. కింద పదికి రెండు మార్కులు.

సారు గోడ మీద మోచేతులు ఆనించి నిలబడి ఉన్నాడు.

"ఎప్పటి సంది తెల్సు సార్?"

"ఆ రోజు పొద్దున్నుంచే. ఈ గల్లీలో 'ఉన్నది'కి ఆ ధ పెట్టేవాడు నువ్వొక్కడివే. ఆరేళ్ళుగా నీ బోర్డు సరిగా లేదని చెప్తూనే ఉన్నాను."

నేను కుక్క సంగతి అనుకున్నాను. ఆరేళ్ళు.

"మరి ఎందుకు అనలే?"

"నువ్వు చెప్తావని చూశాను. నవంబరులో చెప్పబోయావు." కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "కాగితం నువ్వు అంటించావు. దగ్గు మింగింది నేను. తప్పులు ఇద్దరివీ ఉన్నాయి, నావి దిద్దడానికి నువ్వు ఉన్నావు కదా."

తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఎనిమిది మందిని చలిలో నిలబెట్టిన నోరు ఇది.

"మాఫ్ చెయ్యుండ్రి సార్" అన్నాను. జీవితంలో ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు గానీ, ఉత్తినే కాకుండా అన్నది ఇదే మొదలు.

"సరే, గేటు మీద ఉన్నది చదువు" అన్నాడు.

చదివాను. గుండ్రటి అక్షరాలు, ఒక్క తప్పు లేదు.

ఈ ఇంట్లో నిజం చెప్పే మనిషి ఉన్నాడు. ఆరడుగుల దూరం పాటించండి.

పాలవాడు ఆగి చదివాడు. నన్ను కిందికీ మీదికీ చూశాడు. కల్పలత వాకిట్లో కూర్చుని కడుపు పట్టుకుని నవ్వుతోంది. ముప్ఫై ఏళ్ళుగా కష్టపడి సంపాదించుకున్న పేరు ఒక్క కాగితంతో పోయింది. ఇక నా అబద్ధం ఎవడు నమ్ముతాడు?

కాగితం పీకలేదు. అందరూ పోయాక స్కెచ్ పెన్ను తెచ్చి 'దూరం'లో ద కింద చిన్న గీత పెట్టాను. ధూరం.

ఫిబ్రవరి 11

మందు లేకపోయినా అలవాటుకొద్దీ ఏడింటికి ట్రంపెట్ పట్టుకుని బయటికి వచ్చాను.

ఆ ధ చుట్టూ అప్పటికే ఎర్ర సున్నా ఉంది.